తనిఖీ నాటి నిమ్మగడ్డి వాసన

రాజమహేంద్రవరం,
2024 జూలై 8.

సత్యా,

ఫోన్లో నీతో వాదించడం నా వల్ల కాదు. నేను నాలుగు మాటలు అనేలోగా "సరే వదినా" అని పెట్టేస్తావు. నిన్నా అదే చేశావు. ఆ సరే ఒప్పుకోవడమో, విసుగో, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయో నాకు ఇంతవరకూ అర్థం కాలేదు. అందుకే ఉత్తరం. దీన్ని మధ్యలో పక్కన పెట్టినా మళ్లీ తీసి చదవక తప్పదు.

మన చిన్నాన్న కొడుకు దొరబాబు తన పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వచ్చి, నువ్వు పంపావని ఒక స్ప్రే సీసా చేతిలో పెట్టాడు. దాని మీద నీ కూతురు చిన్ని చేతిరాత: "ఇంట్లో చేసిన సహజ పరిమళం. నిమ్మగడ్డి, లవంగం." పుస్తకాల గదిలో కొట్టి చూశాను. బాగుంది. అంత బాగుండటమే నాకు ఒళ్లు మండించింది.

మీ ప్రహరీ గోడకి అవతల సురేంద్ర రొయ్య తలకాయల కళ్లం పెట్టి ఏడాది దాటింది. రొయ్యల ఫ్యాక్టరీల్లో తీసేసిన తలకాయల్ని లారీలతో తెచ్చి, నేల మీద ఆరబోసి, ఎండాక మేత తయారుచేసేవాళ్లకి అమ్ముతాడు. లాభం వాడిది, కంపు మీది. నువ్వేమో ఆ కంపు మధ్య కూర్చుని సీసాలో నూనె చుక్కలు వేసుకుంటున్నావు. వాసన పుట్టించడం వాడికి వ్యాపారం, దాన్ని తుడవడం నీకు ఇంటిపని. ఈ ఏర్పాటు ఎవరు చేశారు? అన్నం వండుతున్నావు, కూర వండుతున్నావు, ఇక పీల్చే గాలి కూడా ఇంటి ఆడది వంటింట్లో తయారుచేసుకోవాలా? పైగా దానికి "సహజ" అని పేరు. సహజమైన గాలి ఏడాది క్రితం దాకా మీ కిటికీలోంచి ఊరికే వచ్చేది. దాన్ని ఎత్తుకుపోయినవాణ్ణి వదిలేసి, లవంగాలు దంచుతున్నావు.

అర్జీ రాశాను. కళ్లం మూసెయ్యమని కాదు, అక్కడ పనిచేసే ఆడవాళ్ల పొట్ట కొట్టమని నేను అడగను. ఇళ్లకి దూరంగా మార్చమని మాత్రమే. కాగితాలు ఈ కవరులోనే ఉన్నాయి. మొదటి సంతకం గోడ పక్కనున్న నీది కావాలి. మిగతావాళ్లు నిన్ను చూసి పెడతారు.

ఇక్కడ ఉక్కపోత. కాలేజీలో ఫ్యాన్లు తిరుగుతాయి, గాలి మాత్రం రాదు. సాయంత్రాలు గోదావరి గట్టుకి పోదామంటే మోకాళ్లు ఒప్పుకోవడం లేదు. మా తమ్ముడు భాస్కర్‌ని అడిగానని చెప్పు. అడగలేదని చెప్పినా నష్టం లేదు, వాడు నాకు ఫోన్ చేసి నెలయింది.

నీ ఆడపడుచు,
వీరవేణి

*

2024 జూలై 17,
ముమ్మిడివరం దగ్గర, మన ఇల్లు.

వదినగారికి సత్యశ్రీ నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి మీ తమ్ముడు, "ఇది మనకి రాసిందేనా, పేపరుకి పంపాల్సిన వ్యాసం దారి తప్పి వచ్చిందా?" అన్నారు. నవ్వుతూనే అన్నారండి. మీరు అడిగినట్టు మొదటి సంతకం నేనే పెట్టాను. మన వీధిలో అప్పారావు గారు, అవతల చర్చి పక్కన ఉండే ఐజాక్ మాస్టారు, ఇంకా చాలామంది పెట్టారు. అప్పారావు గారు పెట్టే ముందు మాత్రం, "వీరవేణి రాసిందంటే మనందర్నీ జైలుకి తీసుకుపోతుందేమో చూడమ్మా" అని రెండుసార్లు చదివించుకున్నారు.

మీరన్నదానికి నేను ఎదురు చెప్పను. అంతా నిజమే. కానీ అర్జీ మీద సంతకం పెట్టిన పూట కూడా కంచం ముందు కూర్చోవాలి కదా వదినా. పెరుగులోకి కూడా ఆ వాసనే వస్తుంటే ఏం చేయను?

చిన్ని సంగతి ఫోన్లో చెప్పలేకపోయాను. బడిలో దాని పక్కన కూర్చునే పిల్ల లేచి వేరే బల్లకి వెళ్లిపోయిందట. ఎవరూ ఏమీ అనలేదు. అన్నా బాగుండేది, పోట్లాడేది. ఇంటికొచ్చి, "నేనింక ఈ బడికి వెళ్లను, ఎక్కడైనా హాస్టల్లో వేసెయ్యండి" అంది. తొమ్మిదో తరగతి పిల్లని హాస్టల్లో వేసి నేనెలా ఉండను? ఉన్నది అదొక్కతే. కళ్లం కదిలితే పిల్ల ఇంట్లో ఉంటుంది, కదలకపోతే వెళ్లిపోతుంది. గాలి ఎవరిదన్న సంగతి మీరు తేల్చండి. నాకు నా పిల్ల ఇంట్లో ఉంటే చాలు.

ఈ సీసాల పని కూడా దానికోసమే మొదలుపెట్టాను. వీడియోలు చూసి ముందు గట్టు మీది నిమ్మగడ్డి, బత్తాయి తొక్కలు కలిపి మరగబెట్టాను. ఆ పూటకి ఇల్లంతా గుమగుమ. మర్నాటికి ఆ నీళ్లు పులిసిపోయి, రొయ్య కంపుకి పులుపు కంపు తోడైంది. మీ తమ్ముడు తువ్వాలు ముక్కుకి కట్టుకుని భోంచేశారు. అప్పుడు ముమ్మిడివరంలో పూజ సామాను అమ్మే కన్యకాపరమేశ్వరి గారిని అడిగితే, నిమ్మగడ్డి నూనె, లవంగ నూనె చిన్న సీసాల్లో తెప్పించి ఇచ్చారు. "నీళ్లలో వేస్తే పైకి తేలిపోతుందమ్మాయ్, అలాగే కొట్టావంటే గోడకి మరకలు పడతాయి" అని కూడా ఆవిడే చెప్పారు. నూనె నీళ్లలో కలవాలంటే ఇంకో సరుకు ఉండాలి. అది మన ఊళ్లో కొనగలిగింది కాదు. మీ తమ్ముడు చూసుకుంటున్నారు. ఇప్పుడు బాగా కుదిరింది. గిన్నెల్లో వంటసోడా పోసి, ఈ నూనెలే నాలుగు చుక్కలు వేసి, పల్చటి గుడ్డ కట్టి మంచాల కింద కూడా పెడుతున్నాను.

మీ మోకాళ్లకి ఆవనూనెలో కర్పూరం వేసి కాచి పంపనా? దీన్నీ వ్యాపారం అనకండి.

మీ మరదలు,
సత్య

*

రాజమహేంద్రవరం,
ఆగస్టు 5.

సత్యా,

రెండు సంగతులు. ముందు చెడ్డది.

దొరబాబు ఫోన్ చేశాడు. యానాం బస్టాండులో మన భాస్కర్ కనిపించాడట. చేతిలో సంచి, సంచిలో సీసాలు. "ఏంటన్నయ్యా ఇవి?" అంటే, "ఇంటికి కావాలిరా" అన్నాడట. దొరబాబు యానాం ఎందుకు వెళ్లాడో నేను అడగలేదు, అది ఇంకో ఉత్తరం అవుతుంది. కానీ నా తమ్ముడు మళ్లీ తాగుడు మొదలుపెట్టాడని ఊరందరికీ తెలిశాక నాకు తెలియాలా? వాడి చేత ఆ అలవాటు మాన్పించడానికి మనిద్దరం ఏం పడ్డామో మర్చిపోయావా? పెళ్లైన కొత్తలో నువ్వే నా దగ్గరికొచ్చి ఏడ్చావు. నేను ఊరూరా సారా కొట్ల ముందు కూర్చుని లాఠీ దెబ్బలు తిన్నదాన్ని. నా ఇంటికే సంచీలతో తెస్తున్నారు.

నువ్వు ఒక్క ముక్క రాయలేదు. "ఇంకో సరుకు, మీ తమ్ముడు చూసుకుంటున్నారు" అని రాశావు. ఏం చూసుకుంటున్నాడో ఇప్పుడు తెలిసింది. గోడ అవతలి కంపుని కప్పినట్టే ఇంట్లో కంపునీ కప్పుతున్నావు. కప్పడం మన ఆడవాళ్లకి తల్లిపాలతో పట్టిస్తారు. మొగుడు తాగితే కప్పు, కొడితే కప్పు, పక్కింటివాడు మన నెత్తిన చెత్త పోస్తే దాని మీద పూలు చల్లు. అందరూ మెచ్చుకుంటారు, ఎంత ఓర్పో అని.

ఇక రెండోది. అమలాపురంలో జిల్లా ఆఫీసుకి ఎన్నిసార్లు తిరిగానో చెప్పను. రావులపాలెం మీదుగా బస్సులో వెళ్లడం, "మేడమ్ మీటింగులో ఉన్నారండి" అనిపించుకోవడం, రావడం. సెలవులన్నీ దానికే పోయాయి. ఆఖరికి తనిఖీకి ఒప్పుకున్నారు. ఆగస్టు పధ్నాలుగున వస్తారు. అర్జీలో మొదటి పేరు నీది కాబట్టి నీ ఇంటికే వచ్చి చూస్తారు. సురేంద్రకి ముందు తెలియకూడదు. నాకు ఆ రోజు కాలేజీలో పరీక్షలు, రాలేను.

ఒక్కటి గుర్తుంచుకో. ఇల్లూ, దొడ్డీ అద్దంలా ఉంచు. చెత్తకుండీ దూరంగా పెట్టించు, కాలవ కడిగించు. లేకపోతే ఈ పల్లెటూరివాళ్లు తమ మురికి తామే చేసుకుని పక్కవాడి మీద అర్జీ పెట్టారని రాసిపోతారు. వాళ్లకి ఆ మాట రాయడం చాలా సులువు. ఆ అవకాశం ఇవ్వకు.

భాస్కర్‌తో నేను మాట్లాడను. ఆ ముక్క వాడికి చదివి వినిపించు.

వీరవేణి

*

ఆగస్టు 16.

వదినగారికి,

ముందు యానాం సంగతి రాస్తాను, తర్వాతది చదవడానికి మీకు ఓపిక ఉండాలి.

నూనెని నీళ్లలో కలిపే ఆ సరుకు వోడ్కా అండి. వీడియోలో అదే చెప్పారు. దానికి తన వాసన పెద్దగా ఉండదు, నూనెని కరిగించుకుంటుంది, ఆ తర్వాత నీళ్లు పోసి ఊపుకుంటే సరిపోతుంది. యానాంలో చవగ్గా దొరుకుతుందని మీ తమ్ముడు వెళ్లారు. సారా మీద అంత పోరాటం చేసిన మనిషికి ఆ పేరు నా చేత్తో ఎలా రాయను? అందుకే సరుకు అన్నాను. ఆయన ఒక్క చుక్క ముట్టలేదు, చిన్ని మీద ఒట్టు. మూత తీసి, "ఇంత మంచిదాన్ని కిటికీ తెరలకి కొడుతున్నాం" అని నిట్టూర్చారు, అంతే. మీ పుస్తకాల గదిలో మీరు కొట్టి చూసిందీ అదే.

ఇక తనిఖీ. ఇద్దరు వచ్చారు. సారిక గారని ఒకావిడ, ఆవిడతో ఇంకొకాయన. మీరు రాసినట్టే ముందురోజు ఇల్లంతా కడిగాను. దొడ్లో ఒక్క ఆకు లేకుండా ఊడ్పించాను. కాలవలో సున్నం చల్లించాను. తెరలు ఉతికాను. వాళ్లు కళ్లం దగ్గర జీపు దిగారని అప్పారావు గారి మనవరాలు పరిగెత్తుకొచ్చి చెప్పింది. ఆ రోజు లారీ కూడా వచ్చింది వదినా, పచ్చి తలకాయలు. ఊపిరి ఆడటం లేదు. ఇంట్లోకి మనుషులు వస్తున్నారు. నేను సీసా తీసి నాలుగు గదుల్లోనూ కొట్టాను. తెరలకి కొట్టాను, సోఫా దిండ్లకి కొట్టాను. మంచాల కింది గిన్నెలు తెచ్చి హాల్లో పెట్టాను.

ఎందుకు కొట్టావని మీరు అడుగుతారు. మీ తమ్ముడూ అదే అడిగారు. ఇంటికొచ్చినవాళ్లని ముక్కు మూసుకుని కూర్చోమని ఎలా అంటాం? కాఫీ ఇచ్చి, ఆ కంపులో తాగమని ఎలా అంటాం? నాకు ఆ నిమిషంలో అర్జీ గుర్తు రాలేదు. మన ఇంటికి ఎవరో వస్తున్నారన్నదే గుర్తుంది.

సారిక గారు లోపలికి వచ్చి, "అబ్బ, ఇక్కడ హాయిగా ఉందే" అన్నారు. కూర్చుని కాఫీ తాగారు. కిటికీలు తెరవనా అంటే, "వద్దులెండి, ఇలాగే బాగుంది" అన్నారు. నేను అంతా చెప్పానండి. రాత్రిళ్లు ఎలా ఉంటుందో, చిన్ని బల్ల సంగతి, అన్నీ. ఆవిడ రాసుకున్నారు. లేచేటప్పుడు, "ఇది ఏ కంపెనీదండి?" అని అడిగారు. నేనే చేస్తానన్నాను. మెచ్చుకున్నారు. ఒక సీసా ఇచ్చి పంపాను.

జీపు వెళ్లిపోయాక ఐజాక్ మాస్టారు అరుగు మీద కూర్చుని, "అమ్మా సత్యశ్రీ, మనం వాళ్లని పిలిచింది దేనికి?" అన్నారు. అప్పుడు తెలిసింది నాకు.

సత్య

*

రాజమహేంద్రవరం,
సెప్టెంబరు 2.

సత్యశ్రీకి,

నివేదిక వచ్చింది. "ఫిర్యాదుదారు నివాసం పరిశుభ్రంగా, ఆహ్లాదకరంగా ఉంది. నివాసంలో దుర్వాసన గమనించలేదు. కళ్లం వద్ద సాధారణ స్థాయిలో ఉంది." మార్చమని ఉత్తర్వు ఇవ్వడానికి ఆధారం లేదని కింద ఒక వాక్యం. ఇంత తిరుగుడూ ఈ నాలుగు ముక్కలకి.

నిన్ను తిట్టాలని కూర్చున్నాను. మన మర్యాద చూశావా, అది ఎవరికి పనికొస్తుందో? ఎప్పుడూ మనకి కాదు. మనింటికొచ్చి కూర్చునేవాడికి, మన గోడ అవతల తలకాయలు ఆరబోసుకునేవాడికి పనికొస్తుంది. వీళ్లెంత మంచివాళ్లు, వీళ్లకి ఏ బాధా లేదు అని రాసుకుపోవడానికి పనికొస్తుంది. కంపు కొడుతుంటే కంపు కొడుతోందని ఇంటి మనిషే చూపించకపోతే, ప్రభుత్వం ముక్కు పెట్టి వెతుకుతుందా? మనం దణ్ణాలు పెట్టి, కాఫీలిచ్చి, హక్కుల్ని ప్లేటులో పెట్టి అప్పగించేస్తాం. వెళ్లేటప్పుడు ఒక సీసా కూడా.

మళ్లీ అర్జీ పెట్టాను. ఆరు నెలలు ఆగమన్నారు. నాకు యాభై రెండు దాటాయి. ఈ ఆరు నెలలు ఆగమనే మాట నా జీవితంలో ఎన్నిసార్లు విన్నానో తలుచుకుంటే నీరసం వస్తోంది.

ఇంకొకటి విన్నాను. సురేంద్ర తన ఆఫీసుకి నీ దగ్గర సీసాలు కొంటున్నాడట. వాడే నీ గుమ్మంలోకి వచ్చాడట. దొరబాబు పెళ్లిలో ఎవరో అన్నారు. ఇది నిజమైతే, ఆ రోజు నువ్వు మర్యాదకి కొట్టావో, వాడి కోసం కొట్టావో నాకు తెలియదు. వాడికి అమ్ముడుపోయావా? అడగడానికి నోరు రాకపోయినా అడుగుతున్నాను, ఎందుకంటే కప్పడం నాకు చేతకాదు.

వీరవేణి

*

సెప్టెంబరు 9.

వదినగారికి,

సురేంద్ర గారు వచ్చిన మాట నిజం. గుమ్మంలో నిలబడి, "చెల్లెమ్మా, తనిఖీవాళ్లు మీ సీసా గురించే చెప్పుకుంటున్నారు. మా ఆఫీసుకి నెలనెలా కావాలి" అన్నారు. నేను చేయడం మానేశానని చెప్పాను. "అదేంటి, అంత బాగుంటే?" అన్నారు. "మీ కళ్లం దూరంగా వెళ్లాక తీరిక దొరుకుతుందండి, అప్పుడు చేసి ఇస్తాను" అన్నాను. నవ్వి వెళ్లిపోయారు. జరిగింది ఇంతే. పెళ్లిలో మీకు చెప్పినవాళ్లు సగం దాకా విని ఉంటారు.

మీరు రాసిన ఆ మాట చిన్ని చదివింది. నేను కవరు విప్పి బల్ల మీద పెట్టి పాలు పొయ్యడానికి వెళ్లాను. వచ్చేసరికి అది చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. "అత్త నిన్ను ఇలా అనొచ్చా?" అంది. ఆవిడ పెద్దది, అలిసిపోయి ఉంది, కోపంలో రాసింది అన్నాను.

వదినా, నేను ఎప్పుడూ మీకు ఎదురు చెప్పలేదు. ఈ ఒక్కటి చెప్పనివ్వండి. ఇల్లు అద్దంలా ఉంచమని మీరు రాశారు. కంపు మాత్రం ఉంచమని రాయలేదు. మీకు అది చెప్పక్కర్లేదు అనిపించింది, ఎందుకంటే మీకు ఇల్లంటే సాక్ష్యం. నాకు ఇల్లంటే ఇల్లే. నేను తప్పు చేయలేదని అనను. అమ్ముడుపోలేదని మాత్రం అంటాను.

ఇక చిన్ని. నివేదిక సంగతి తెలిశాక అది బడికి వెళ్లడం మానేసింది. నేను బతిమాలాను, మీ తమ్ముడు కోప్పడ్డారు, ఐజాక్ మాస్టారు వచ్చి చెప్పి చూశారు. కదల్లేదు. ఆఖరికి, "అత్త దగ్గరికి పంపండి, అక్కడ చదువుకుంటాను" అని అదే అంది. మిమ్మల్ని తిట్టుకున్న నోటితోనే మీ దగ్గరికి వస్తానంటోంది. హాస్టల్లో కంటే మీ ఇంట్లో ఉండటం నాకు కాస్త నయం.

ఆదివారం మీ తమ్ముడు తీసుకొస్తారు. దానికి పప్పులో పులుపు ఎక్కువ ఉండాలి. జడ తనే వేసుకోగలదు గానీ పాపిడి వంకర పోతుంది. ఇంతకంటే రాయలేను.

సత్య

*

రాజమహేంద్రవరం,
సెప్టెంబరు 28.

సత్యా,

చిన్ని బాగానే ఉంది. మా వీధి చివరి బడిలో చేర్చాను. భాస్కర్ రెండు రోజులు ఉన్నాడు. వాడితో మాట్లాడనన్నాను కదా, మాట్లాడాను. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర కళ్లు తుడుచుకున్నాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

అమ్ముడుపోయావా అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. దానికి కారణాలు రాయను, రాస్తే మళ్లీ వాదన అవుతుంది.

నీకు ఇంకో సంగతి చెప్పాలి. కొత్త యూనిఫామ్ కుట్టడానికి దర్జీ వారం పట్టించాడు. అందాకా ఇంటి నుంచి తెచ్చుకున్న చుడీదార్లతోనే వెళ్లింది. మొదటి రోజు పొద్దున్నే దాని పెట్టె మూత తీసింది. నేను పక్కనే ఉన్నాను. సత్యా, ఉతికి, ఎండేసి, ఇస్త్రీ చేసిన బట్టలవి. నువ్వు మడతల మధ్య వట్టివేళ్లు కూడా పెట్టావు. అయినా రొయ్య కంపుతో గది నిండిపోయింది. "భరింపరాని దుర్వాసన" అని ఎన్ని అర్జీల్లో రాశానో నేను. ఆ పొద్దుటిదాకా అది నాకు మాట మాత్రమే. అమలాపురం దాకా అన్నిసార్లు వచ్చి, కళ్లం పెట్టిన దగ్గర్నుంచీ ఒక్కసారీ మీ ఊరు రాలేదు, పని ఉందనుకుంటూ.

అది బట్టలు వేసుకుని వచ్చి నా ముందు నిలబడి చేయి చాపింది. "అత్తా, వాసన వస్తోందా?"

వస్తోంది. మనిషన్నవాడికి ఎవడికైనా వస్తుంది. అది గుమ్మం దాటాలి, ఆటో ఎక్కాలి, తెలియని పిల్లల మధ్య బల్ల మీద కూర్చోవాలి. నేను దాని చేతిని ముక్కు దగ్గరికి తీసుకుని, "లేదమ్మా, ఏమీ లేదు" అన్నాను. ఎవరి ముందైనా నిజం చెప్పేస్తానని పేరున్నదాన్ని.

నా మొహం చూస్తూ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అమ్మ కూడా ఇలాగే అనేది" అని, చున్నీ సర్దుకుని, బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయింది.

వీరవేణి